కోడలికి ఏడుపు పాఠం

బెక్వాయి ఊళ్ళో ఎవరి చావు ఎంత బాగా జరిగిందో తెలుసుకోవాలంటే దుఫియేని అడగాలి. శనివారం వచ్చిందంటే ఆవిడకి ఇంట్లో కాలు నిలవదు. తెల్లారకముందే లేచి, పోయినవాళ్ళు దగ్గరి చుట్టాలైతే ఎర్ర గుడ్డ, దూరపువాళ్ళైతే నల్ల గుడ్డ చుట్టుకుని బయల్దేరుతుంది. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ కోడలికి తీర్పు వినిపిస్తుంది. అన్నం బాగుంది, బ్యాండు మేళం బాగుంది, పెద్ద కూతురి ఏడుపు మాత్రం ఉప్పు లేని చారులా ఉంది, ఇలాగన్నమాట. కోడలు మవుసి నవ్వుతూ ఊఁ కొడుతుంది. ఆవిడ చెప్పేదాంట్లో సగం అర్థం కాదు పాపం, అయినా ఊఁ కొడుతుంది.

మవుసిది అన్లోగా, సముద్రపు ఒడ్డున ఏవే భాష మాట్లాడేవాళ్ళ ఊరు. దుఫియే చిన్నకొడుకు బరిమా కుమాసీ పట్నానికి ప్రయాణికుల బండి నడుపుతాడు. అతన్ని కట్టుకుని ఈ కోకో తోటల ఊరికి వచ్చి పడింది. సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. వీళ్ళ ట్వి భాష ఆమెకి చేపలమ్మడానికి సరిపోయేంత వచ్చు, అంతకు మించి ఒక్క ముక్క రాదు. భార్యాభర్తలిద్దరూ కాస్త ఇంగ్లీషు, కాస్త ఏవే, మిగతాది చేతి సైగలు కలిపి కాపురం నడుపుకొస్తున్నారు.

అలా హాయిగా సాగిపోయేదే. తివా అనే స్నేహితురాలి అంత్యక్రియలకి వెళ్ళిన దుఫియే, ఆ సాయంత్రం అగ్గిమీద గుగ్గిలంలా తిరిగొచ్చింది.

"విన్నావుటే? తివాకి కూతుళ్ళు లేరని డబ్బిచ్చి ఏడ్చేవాళ్ళని తెచ్చారు! వాళ్ళేమో పేరు తప్పు పిలిచారు. మనిషి మంచం మీద తివా, ఏడుపేమో ఎవరో బిరాగోకి. లేచి కూర్చుని చెంప పగలగొట్టాల్సింది తివా. నేనైతే అదే చేసేదాన్ని."

"అంతేనా అత్తమ్మా?" అంది మవుసి.

అంతే కాదు. అసలు మంట వేరే ఉంది. దుఫియే పక్క కుర్చీలో ఆవిడ పినతల్లి కూతురు సపోమా కూర్చుంది. నలుగురు కూతుళ్ళ తల్లి, నోరు చాకు. అందరూ వింటుండగానే అందిట: "రేపు నీ గతీ ఇదేగా అక్కా. ముగ్గురూ మగపిల్లలే. బెంగపడకు, మా అమ్మాయిల్ని పంపిస్తాలే." దుఫియే ఊరుకునే మనిషా? "నాకేం ఖర్మ, నాకు మవుసి ఉంది" అనేసింది. సపోమా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ సముద్రం పిల్లా? దానికి నాదీ నీదీ తేడా తెలీదు. మొన్న సంతలో 'నీ చేప కొను తల్లీ' అంది. నా చేప నేనే కొనుక్కోవాలా అని అడిగాను."

ఆ నవ్వులు చెవుల్లో గింగురుమంటుంటే దుఫియే మాట జారింది. వచ్చే నెలలో ద్వుమో మామయ్యని సాగనంపుతున్నారు. ఇంటిపేరువాళ్ళందరికీ పెద్దదిక్కు ఆయన, పోయి చాలా రోజులైనా ఇక్కడి పద్ధతి ప్రకారం సాగనంపే రోజుదాకా ఆసుపత్రి ఐసుగదిలోనే ఉంటాడు. ఆ రోజున నా కోడలు కూతుళ్ళ వరసలో, శవం మంచం దగ్గరే నిలబడి ఏడుస్తుంది, వచ్చి వినండి అంది. ఏడవలేకపోతే? నా చావుకి మీ అమ్మాయిలే ముందుంటారు, నేను నోరెత్తను అంది. చచ్చాక నోరెలాగూ ఎత్తదు, అది వేరే సంగతి. కోడళ్ళ చోటు వెనక కుర్చీల్లో. అక్కణ్ణించి ముందుకు రావాలంటే నోట్లో భాష ఉండాలి, ఊరి ఆడవాళ్ళు ఒప్పుకోవాలి.

మవుసి రెండడుగులు వెనక్కి వేసింది. "నేనా? నాకు ఏడుపు కూడా సరిగ్గా రాదు అత్తమ్మా."

"భాష వస్తే ఏడుపు అదే వస్తుంది. రోకలి పట్టుకో."

బడి రోటి దగ్గర మొదలైంది. మవుసి నిలబడి నిలువెత్తు రోకలితో ఉడికిన కర్రపెండలం, అరటికాయ దంచుతుంది. దుఫియే పీట మీద కూర్చుని, పోటుకీ పోటుకీ మధ్య చెయ్యి తడుపుకుని రోట్లో ముద్ద తిప్పుతుంది. పోటుకో మాట.

"మే మామె!" అంది దుఫియే. నా అమ్మ.

"మే మామె." దబ్.

"వో మామె!" నీ అమ్మ.

"వో మామె." దబ్.

"నే మామె! అతని అమ్మయినా, ఆమె అమ్మయినా అదే మాట. మా దగ్గర ఆడా మగా తేడా లేదు, అంతా 'నే'. సుఖమే కదే నీకు. యెన్ మామె! మన అమ్మ."

"మన అమ్మంటే మో మామె కదా?"

"అది మీ అమ్మే! మీ అందరి అమ్మ! చూసి దంచు, నా వేలు!"

రోకలి వెంట్రుకవాసిలో తప్పింది. దుఫియే వేళ్ళన్నీ ఉన్నాయో లేదో తడుముకుని చూసుకుని, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ ముద్ద తిప్పింది. ఎంత ధైర్యమో చూడండి. భాష రాని కోడలి రోకలి కింద రోజూ చెయ్యి పెట్టాలంటే మాటలా?

నాది, నీది రోట్లో ఒక దారికొచ్చాక ఇల్లు, వాకిలి, తల, చెయ్యి అన్నింటికీ యజమానుల్ని తగిలించారు. సొంతదారుడి పేరు ముందు, వస్తువు పేరు వెనక. బరిమా చొక్కా, సపోమా నోరు, ద్వుమో మామయ్య ఊతకర్ర. సపోమా నోరు అన్నప్పుడల్లా దుఫియే రోట్లో ముద్దని ఒక్క గుద్దు గుద్దేది.

ఆ పైన ఏడుపు. ఏడుపంటే ఊరికే కళ్ళు తుడుచుకోవడం కాదని దుఫియే గట్టిగా చెప్పింది. "పోయేవాడు మనవాళ్ళుండే చోటికే పోతున్నాడే. ఖాళీ చేతుల్తో పంపిస్తామా? కబురు పంపాలి. ముందే పోయిన మీ మామగారికి ద్వుమో మామయ్యతో నువ్వు పంపబోయే కబురు ఇదీ: ఇంటికప్పు కారుతోంది, పెద్దకొడుకు ఫోన్ చెయ్యడు, నీ పెళ్ళానికి మోకాళ్ళ నొప్పులు. ఏదీ, అను."

"మామయ్యా, నీ పెళ్ళానికి..."

"నీ పెళ్ళామంటే ద్వుమో మామయ్య పెళ్ళామవుతుందే! నన్ను ఆ ముసలాడికి కట్టబెడతావా?"

మాటలు కుదిరాక నిలబడే తీరు నేర్పాలి కదా. ఎదురుగా శవం లేందే ఎలా? దుఫియే తానే వాకిట్లో చాప పరుచుకుని పడుకుంది. చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మవుసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చాప చుట్టూ తిరుగుతూ శోకాలందుకుంది. తప్పు దొర్లినప్పుడల్లా శవం ఒక కన్ను తెరిచి సరిదిద్దుతోంది. సరిగ్గా ఆ వేళకి బరిమా బండి దిగి ఇంటికొచ్చాడు. చాప మీద తల్లి, చుట్టూ పెళ్ళాం ఏడుపు. చేతిలో ఉన్న బన్నురొట్టెల సంచీ కింద పడేసి "అమ్మా!" అని గావుకేక పెట్టాడు. అతని కేకకి పక్కిళ్ళవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

శవం లేచి కూర్చుంది. "చూశావుటే, అదీ కేకంటే! అలా ఉండాలి!"

బరిమా రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. దుఫియే మాత్రం ఆ కేకని తలుచుకుని తలుచుకుని మురిసిపోయింది.

ఆ శనివారం రానే వచ్చింది. ద్వుమో మామయ్యని ఇత్తడి మంచం మీద పట్టుబట్టల్లో పడుకోబెట్టారు. వేళ్ళకి ఉంగరాలు, తలకింద తెల్ల దిళ్ళు, బతికుండగా ఎన్నడూ అంత దర్జాగా లేడు. ఎర్ర గుడ్డలు కట్టిన ఆడవాళ్ళు గది నిండా కిక్కిరిసి ఉన్నారు. సపోమా కూతుళ్ళు ముందు ఏడ్చారు. అబద్ధమెందుకు, బాగానే ఏడ్చారు. మామయ్య తాతముత్తాతల బిరుదులన్నీ తడబడకుండా వరసపెట్టారు. దుఫియే మవుసి మోచేతిని పొడిచింది.

మవుసి చేతులు నెత్తిన పెట్టుకుని మంచం దగ్గరికి నడిచింది. మొదటి మాట సరిగ్గా వచ్చింది. రెండోది కూడా వచ్చింది. మూడో మాటకి నోరు తెరిస్తే లోపల ఏమీ లేదు. కారే కప్పు లేదు, మోకాళ్ళు లేవు, రోట్లో దంచిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. 

"త్వరగా చెప్పవే అమ్మాయ్," అంది సపోమా తలుపు దగ్గర్నించి. "మామయ్య బండి దాటిపోతుంది."

ఆడవాళ్ళు మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. మవుసి వెనక్కి తిరిగి అత్తగారి వంక చూసింది. ఎవరి ముందూ తలవంచని మనిషి నేల చూస్తోంది. ఎర్రకొంగుని వేళ్ళ మధ్య నలుపుతోంది.  తనకి రాని భాష వల్ల ఈవిడ తలదించుకోవడమేమిటని మవుసికి కోపం వచ్చింది. మంచం వైపు తిరిగింది. తెలిసిన మాటలే ఏరుకుంటూ, సంతలో బేరమాడినట్టే మొదలుపెట్టింది.

"మామయ్యా. నువ్వు నన్నెరగవు. నేను నిన్నెరగను. అయినా వెళ్తున్నావు కదా, ఒక్క పని చేసిపెట్టు. అక్కడ మా అమ్మ ఉంటుంది. పేరు అక్పెనే. పొట్టిగా ఉంటుంది, ఎడంచెయ్యి వాటం. ఉల్లిమళ్ళు ఎక్కడుంటే అక్కడే ఉంటుంది, వెతుకు. ఆమె పోయినప్పుడు నేను చిన్నపిల్లని. నన్ను గదిలోకి రానివ్వలేదు. ఒక్క మాట చెప్పుకోలేదు."

గదిలో నవ్వులు ఆగాయి.

"నేను పెద్దదాన్నయ్యానని చెప్పు. పెళ్ళయిందని చెప్పు. మొగుడు మంచివాడు, బండి మాత్రం జోరుగా నడుపుతాడు. ఇక్కడ ఒకావిడ నన్ను రోజూ తిడుతుందని చెప్పు. రోజూ తిడుతుంది, రోజూ తన పళ్ళెంలో చేప ముక్క తీసి నా పళ్ళెంలో వేస్తుంది. నాకు జ్వరమొస్తే ఆవిడ నిద్రపోదు. నీ కూతురు దిక్కులేకుండా లేదని చెప్పు మామయ్యా. అమ్మా, నువ్వు తొందరపడి వెళ్ళిపోయావు. ఈవిడ్ని మాత్రం అప్పుడే పిలవకు. మీకక్కడ చాలామంది ఉన్నారు. నాకు ఒక్కతే ఉంది."

ఆ మాటల్లో తప్పులు బోలెడు. ముందుండాల్సినవి వెనక, వెనకుండాల్సినవి ముందు వచ్చాయి. ఒక్కరూ సరిదిద్దలేదు. మవుసి ఏడుస్తోంది. నెత్తి మీద చేతులు ఎప్పుడు జారాయో, మంచంపట్టె ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. ఆ వెనకనుంచి ఒక కేక లేచింది. ఊరందరి ఏడుపులకీ మార్కులేసిన దుఫియే, మొగుడు పోయినప్పుడు కూడా పెదవి కొరుక్కుని నిలబడ్డ దుఫియే, నేలమీద కూలబడి చంటిపిల్లలా ఏడ్చింది. ఆవిడని లేపబోయి సపోమా తానే ఏడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎవరు ఎవర్ని ఓదార్చారో ఎవరూ చెప్పలేరు.

మధ్యాహ్నం షామియానా కింద భోజనాలు. బ్యాండువాళ్ళు హుషారైన పాట ఎత్తుకున్నారు. సపోమా తన పళ్ళెం పట్టుకుని మవుసి పక్క కుర్చీలోకి చేరింది. కోడిముక్క ఒకటి తీసి మవుసి పళ్ళెంలో వేసింది.

"అమ్మాయ్, మా పిల్లలు ఏడుస్తారనుకో. అయినా నా రోజున నువ్వు కూడా రెండు మాటలు..."

"ఏయ్!" అంది దుఫియే. ఉబ్బిన కళ్ళు ఇంకా తుడుచుకోనే లేదు. "అది నా పిల్ల. ముందు నాకు. ఆ పైన మిగిలితే నీకు."

"అయితే నువ్వెప్పుడు పోతావో చెప్పు అక్కా, ఆ తర్వాత చూసుకుంటాను."

"నా ఇష్టం! నీకు చెప్పి పోవాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఇంకో ముసలావిడ, నా పేరు కూడా గుర్తుపెట్టుకోవే అని మవుసి చెంప నిమిరి వెళ్ళింది. దుఫియే ఆవిడ్ని కూడా కళ్ళతోనే తరిమేసింది.

పొద్దు వాలుతుండగా అత్తాకోడళ్ళు ఇంటిదారి పట్టారు.  పెద్ద రోడ్డు దగ్గర కలప లారీలు వరసగా పోతుంటే ఆగారు.

"చెప్పాల్సిందంతా ఆ ముసలాడికే చెప్పేశావు," అంది దుఫియే. "రేపు నా రోజుకి ఏం మిగిల్చావే?"

"నీ రోజుకి నాకు భాష చాలదు అత్తమ్మా. ఇప్పటికి నాదీ నీదీ మాత్రమే వచ్చింది. వెళ్ళింది, వెళ్తోంది, వెళ్తుంది, అవన్నీ ఇంకా నేర్పనే లేదు నువ్వు."

"అవి నీ బుర్రకెక్కాలంటే నేను నూరేళ్ళు బతకాలి!"

"బతుకు మరి," అంది మవుసి.

దుఫియే ఏదో తిట్టబోయింది.  తిట్టే బదులు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, లారీల వరస దాటిపోయాక, రోడ్డు దాటింది.