ఆరు తీగల మోటారు

పసుపు పక్కన నారింజే రావాలి కదా, నలభై ఏళ్ళు మిషను కుట్టిన చేతికి ఏ రంగుకి ఏది జోడో ఒకరు చెప్పాలా, అందుకే పసుపు, నారింజ, ఎరుపు ఒక జట్టు, గోధుమ, నీలం, నలుపు ఇంకో జట్టు అనుకుని ఆరు తీగల్నీ మోటారు నడిపే బోర్డుకి బిగించి స్విచ్ వేసింది, పాత ప్రింటరులోంచి ఊడదీసిన ఆ మోటారు తిరగలేదు, జ్వరమొచ్చినట్టు వణికింది, గుయ్యిమంది, అంతే, గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న తమ్ముడు గడియారం చూసుకుని నవ్వాడు, చిన్నక్కా, మోటారుకి కూడా నువ్వంటే భయమే, రెండింటికి బయల్దేరాలి, మూడు దాటితే వృద్ధుల హోం వాళ్ళు పెద్దక్కని ఇవాళ చేర్చుకోరు, ఇంకా గంటన్నర ఉందిగా, నోరు మూసుకుని కూర్చో, అంది, పైకే అందా లోపలే అనుకుందా, పైకే అన్నట్టుంది, వాడి నవ్వు ఆగింది.

పక్క గదిలోంచి అక్క, ఒసే చెల్లీ, పేజీ, రాజుగారు కత్తెత్తి పావుగంటయింది, చెయ్యి లాగుతుందే పాపం, దించనీవే, వెళ్ళి పేజీ తిప్పి వచ్చింది, అక్క చేతులు రెండూ ఒళ్ళో పడేసిన తువ్వాళ్ళలా ఉన్నాయి, నుదుటి మీద నాలుగు కుట్లు, తనైతే ఇంకా సన్నగా వేసేది, పోయిన మంగళవారం తను కూరగాయలకి వెళ్ళిన అరగంటలో గడ్డంతో పేజీ తిప్పబోయి కుర్చీలోంచి జారిపడింది, ఆ ఒక్క పేజీ పట్టుకునే తమ్ముడు హోం కాగితాలు తెచ్చాడు, ఆవిడకి డెబ్బై ఎనిమిది, నీకు డెబ్బై రెండు, ఎవర్ని ఎవరు చూస్తారు అన్నాడు, పేజీ దానంతటది తిరిగితే అక్క పడదు, పడకపోతే పంపక్కర్లేదు, ఇంత చిన్న సంగతి వాడి బుర్రకెందుకు ఎక్కదు.

రంగుల్ని నమ్మొద్దని మోటార్ల పుస్తకంలో ఉంది, చదివింది కూడా, గుడ్డలు చుట్టొచ్చిన పేపరు ముక్కల మీద కూడబలుక్కుని తనంతట తను నేర్చుకున్న చదువు, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా వేస్తుందట రంగులు, చదివినా చెయ్యి దారాల అలవాటుకే పోయింది, అన్నీ విప్పేసి తీగలు పరీక్షించే మీటరు మొనలు పసుపుకీ నారింజకీ ఆనించింది, ఏమీ లేదు, పక్కపక్కనే ఉంటూ ముఖపరిచయం లేనివాళ్ళు, పసుపుకీ నీలానికీ, డెబ్బై ఓములు, ఓహో, మీరా జోడు, పసుపుకీ నలుపుకీ ముప్ఫై అయిదు, నీలానికీ నలుపుకీ ముప్ఫై అయిదు, అంటే నలుపు మోటారు లోపలి ఈ తీగచుట్టకి నడిమధ్యలోంచి వచ్చింది, మీటరు మాటమీద కూడా నమ్మకం కుదరక పసుపునీ నీలాన్నీ మెలిపెట్టి ఇరుసు తిప్పి చూసింది, బిగుసుకుంది, విప్పితే హాయిగా తిరిగింది, మళ్ళీ కలిపితే మళ్ళీ మొండికేసింది, వేళ్ళకి తెలుస్తోంది, తనెప్పుడైనా ఇలా బిగుసుకుందా, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దుప్పటి మడతపెట్టి ఇచ్చింది, దుప్పటి ఒక్కటే తిరిగొచ్చింది, వేరే ఊళ్ళో ఆరు నెలల పని అని ఆయన బయల్దేరితే చొక్కాలకి బొత్తాలు గట్టిగా కుట్టి ఇచ్చింది, ఆ ఆరు నెలలు ఇంకా పూర్తవలేదు, చాలు, నారింజకి గోధుమ, మధ్యలో ఎరుపు, ఇదీ తేలింది.

మోటారుని అక్క గదిలోకి తీసుకెళ్ళి ఆమె పుస్తకం స్టాండుకి రెండు మరలతో బిగించింది, ఇరుసుకి పుల్ల, పుల్ల చివర రబ్బరు ముక్క, తీగలు ఈసారి మీటరు చెప్పినట్టు, నడిమి రెండూ బ్యాటరీకి, స్విచ్, పుల్ల కదిలింది, తిరిగింది, కాగితం లేచింది, పడింది, ఏమిటే ఇది, పోయిన పేజీలో చచ్చినవాడు మళ్ళీ లేచి కూర్చున్నాడు, అంది అక్క, వెనక్కి తిరుగుతోంది, వెనకే వచ్చి ఆ గది గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు పగలబడి నవ్వాడు, నవ్వుకో, ఒక జోడు తీగల్ని అటుదిటు మార్చడమేగా, మార్చింది, పేజీ ముందుకి తిరిగింది, ఇంకోటి తిరిగింది, ఆగవే, నన్ను చదవనీ, అంది అక్క.

తమ్ముడు దగ్గరకొచ్చి చూశాడు, నిజంగానే మెచ్చుకున్నాడు, బాగుంది చిన్నక్కా, కానీ ఇవాళ పేజీ కోసం, రేపు మంచినీళ్ళ కోసం జారుతుంది, అప్పుడెవరు లేపుతారు, ఈ మోటారా, వాడన్నది నిజమే, నిజమైతే మాత్రం, నేను లేపుతా, అంది, లేపలేకపోతే, అన్నాడు వాడు, లేపలేకపోతే నేనూ కింద కూర్చుంటా, ఎవరో ఒకరు వచ్చేదాకా ఇద్దరం నేలమీదే కబుర్లు చెప్పుకుంటాం, నువ్వు కారు తీసుకుని వెళ్ళు, అక్క పేజీలోంచి కళ్ళు తియ్యకుండానే, కూర్చునేటప్పుడు ఈ పుస్తకం కూడా కిందికి తేవే, అంది, చెల్లికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఇన్నేళ్ళూ ఎవర్నయినా ఆపాలంటే గట్టి కారణం ఒకటి చూపించాలనుకుంది, అది దొరక్క అందరికీ దారి వదిలింది, ఇవాళ కూడా కారణం దొరకలేదు, అయినా వద్దంది, వద్దనడానికి అది చాలు.