ఉప్పు లేని దారి

“ఒరేయ్ అర్కాదీ, మీ పిల్ల తాగొచ్చిందిరోయ్!”

ఝోరా అరుపుకి డొమినోలు ఆడుతున్నవాళ్లంతా తలలు తిప్పారు. గ్యారేజీ గుమ్మంలో బుల్కా నిలబడి ఉంది. నిలబడడానికి తంటాలు పడుతోంది అంటే సరిగ్గా సరిపోతుంది. పొట్టి కాళ్లు, పొడుగాటి ఒళ్లు ఉన్న గోధుమరంగు కుక్క అది. ముందు కాళ్లు ఒకవైపు, వెనక కాళ్లు ఇంకోవైపు లాగుతున్నాయి. లోపలికి రాబోయి తలుపు చెక్కకి మూతి కొట్టుకుంది. ఎవరో కొట్టినట్టు ఆ చెక్క వైపే కోపంగా చూసింది.

నవ్వులతో రేకుల గ్యారేజీ దద్దరిల్లింది.

“ఎవడ్రా దీనికి పోసింది?” అన్నాడు అర్కాది, తనూ నవ్వుతూనే.

“నా మీద ఒట్టు, నేను కాదు,” ప్రోఖర్ కోటు జేబులో సీసాని తట్టి చూపించాడు. “నా వాటా కుక్కలకి పంచేంత పుణ్యాత్ముణ్ణా నేను?”

“బల్ల కింద బీరు ఒలికింది కదా, అది నాకి ఉంటుంది,” అని ఝోరా తేల్చేశాడు. “తీసుకెళ్లి పడుకోబెట్టు. పొద్దున్నకి దిగిపోతుంది. మనకి దిగట్లేదూ?”

అర్కాది ట్రామ్ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాడు. తాగినవాణ్ణి ఏం చేయాలో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, దుప్పటి కప్పాలి, మత్తు దిగేదాకా కదపకూడదు. బుల్కాని ఎత్తి కోటు లోపల పెట్టుకుని, మెడ దాకా గుండీలు వేసుకుని బయల్దేరాడు.

వీతెబ్స్క్ నగరంలో చలికాలమంతా మునిసిపాలిటీ బండ్లు పేవ్‌మెంట్ల మీద ఉప్పు, మంచు కరిగించే గుళికలు చల్లుతూనే ఉంటాయి. మనుషులు జారిపడకుండా ఉండడానికి మంచివే. బూట్లు లేని ప్రాణులకి మాత్రం నరకం. గుళికలు కాలివేళ్ల మధ్య ఇరుక్కుని మండిస్తాయి, పాదాలు పగుళ్లు తేలి నెత్తురు కారతాయి. మంట తట్టుకోలేక కుక్క ఆ పాదాలే నాకుతుంది. అప్పుడు మంట కడుపులోకి పోతుంది.

అర్కాది భార్య రిమ్మా బతికున్నప్పుడు ఇదంతా ఆవిడ పని. బయటికి తీసుకెళ్లే ముందు బుల్కా పాదాలకి మైనం రాసేది. పాత రెయిన్‌కోటు చేతులు కత్తిరించి నాలుగు బుల్లి జోళ్లు కుట్టింది. తిరిగొచ్చాక గోరువెచ్చటి నీళ్లలో ఒక్కో పాదం కడిగి, వేళ్ల సందులు కూడా తుడిచేది.

“ఆ నీళ్లు నెత్తిన చల్లుకోలేకపోయావా?” అనేవాడు అర్కాది.

“చల్లుకుంటా. ముందు మీ కాళ్లు కూడా ఇందులో పెట్టండి, ఆ వాసనకి నా జబ్బు వదిలిపోతుంది.”

ఆ జబ్బే ఏప్రిల్‌లో ఆవిణ్ణి తీసుకుపోయింది. ఆసుపత్రి మంచం మీద ఆఖరిసారి స్పష్టంగా మాట్లాడినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. “దాని కాళ్లు కడగడం మర్చిపోకండి.” కట్టుకున్నవాడు ఏం తిని బతుకుతాడని మాత్రం అడగలేదు. అర్కాది దానికి నొచ్చుకున్నాడు, తర్వాత నొచ్చుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

అప్పట్నుంచీ బుల్కాని పేవ్‌మెంటు మీద దింపనేలేదు. చూసినవాళ్లు నవ్వినా సరే, చంకలో పెట్టుకుని గ్యారేజీల వరస దాకా మోసుకొచ్చేవాడు. ఆ సందులోకి మునిసిపాలిటీ బండి రాదు. తెల్లటి మంచు, కింద మట్టి, అంతే. ఇల్లు కాక కుక్క కాలు మోపగల చోటు అదొక్కటే అతనికి తెలుసు.

బుల్కా తూలిన ఆ రోజు మధ్యాహ్నం, గ్యారేజీలకి వచ్చీ రాగానే ఝోరా అతని చెయ్యి పట్టుకుని తన గుమ్మం ముందుకి లాక్కెళ్లాడు.

“చూడ్రా. నిన్నటిదాకా ఇక్కడ మంచు అద్దంలా ఉండేది. నేను వెల్లకిలా పడ్డాను కూడా. ఇప్పుడు చూడు, ఎలా కరిగిపోయిందో! ఒక్క ఉప్పు గింజ వెయ్యలేదు. నీ పిల్ల కాళ్ల కోసమేరా ఇదంతా.”

“మరి ఏం వేశావ్?”

“ఆ కిటుకు నీకు చెప్పేస్తే ఇంక నాకేం గొప్ప?”

అర్కాది మనసు నిండిపోయింది. రిమ్మా పోయాక ఆ కుక్క కాళ్ల గురించి తను కాక ఇంకొకరు ఆలోచించడం అదే మొదలు.

ఇంటికి చేరాక అలవాటు ప్రకారం బుల్కా పాదాలు కడిగాడు. ఉప్పు గింజ ఒక్కటీ లేదు. తృప్తిగా దుప్పటి కప్పాడు.

మత్తు దిగిపోయింది. పొద్దున్న బుల్కా లేచి గిన్నెడు నీళ్లు గటగటా తాగింది, ఇంకో గిన్నె అడిగింది, గంజి తింది. మెట్ల దగ్గర కింది ఇంటి ఫాయినా ఎదురైంది.

“ఏమయ్యా, మీ కుక్క తాగి ఇంటికొచ్చిందటగా? పోలికలు ఎక్కడికి పోతాయి!”

“తెల్లారేసరికి లేచి కూర్చుంది ఫాయినా. నాకంటే గట్టిది.”

“రిమ్మా ఉండుంటే మీ ఇద్దరి వీపులూ చిట్లగొట్టేది.”

“నిజమే, కొట్టేది,” అన్నాడు అర్కాది. చాలా రోజుల తర్వాత ఆ పేరు విని నవ్వగలిగాడు.

మర్నాడు బుల్కా లేవలేదు.

గంజి ముట్టలేదు. నీళ్లు తాగి కక్కేసింది. బయటికి తీసుకెళ్తే మంచులో కూర్చుని వణికింది కానీ ఒక్క చుక్క మూత్రం రాలేదు. నడుం మీద చెయ్యి వేస్తే కీచుమంది. అర్కాది దాన్ని కోటులో పెట్టుకుని, మంచు పేరుకున్న రోడ్ల మీద పడుతూ లేస్తూ పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు.

డాక్టరు ఇలోనా నెత్తురు పరీక్ష చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“దీనికి మొన్నగానీ అంతకు ముందుగానీ మత్తుగా, తూలినట్టుగా ఉందా?”

“ఉందండీ. బీరు నాకింది. మర్నాటికి బాగైపోయింది.”

“బాగవలేదండీ. అలా కనిపిస్తుంది, అంతే. చలికి గడ్డకట్టకుండా కార్ల రేడియేటర్లో పోసే కూలెంట్ నాకింది. మొదట తాగినట్టే తూలుతాయి. తర్వాత తేరుకున్నట్టే ఉంటాయి. ఆ లోపల మూత్రపిండాలు పోతాయి.”

అర్కాదికి ఝోరా గుమ్మం కళ్ల ముందు కదిలింది. కరిగిన మంచు అంచుల్లో సన్నటి ఆకుపచ్చ. ఆ రోజు కూడా కంటపడింది. ఏదో నీడ అనుకున్నాడు. కూలెంట్ విషమని గ్యారేజీల్లో తెలియనిదెవరికి? ఆ విషం తాగుబోతు వేషం వేసుకుని వస్తుందన్నదే ఎవరికీ తెలియదు.

“ఆ రోజే తెచ్చుంటే?”

ఇలోనా కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. “వోడ్కా ఎక్కించేవాళ్లం.”

“ఏంటీ?”

“మా దగ్గర వేరే మందు దొరకదండీ. నరంలోకి వోడ్కా ఎక్కిస్తాం. ఒళ్లు ముందు వోడ్కా పని చూసుకుంటుంది, ఈలోగా కూలెంట్ విషంగా మారకుండానే బయటికి పోతుంది. ఇప్పుడిక లాభం లేదు.”

అర్కాది గొంతులోంచి వచ్చిన చప్పుడు నవ్వులాగే ఉంది. ఆ రోజు ప్రోఖర్ జేబులో సీసా ఉంది. బల్ల మీద ఇంకొకటి ఉంది. దాని చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఆ మందుతో జీవితాంతం కాపరం చేసినవాళ్లే.

బాధ లేకుండా పోవడానికి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు బుల్కా తలని అరచేతుల్లో పట్టుకున్నాడు. అది అతని బొటనవేలిని ఒకసారి నాకింది. తర్వాత నాకలేదు.

ఝోరాకి చెప్పకూడదని దారిలోనే నిశ్చయించుకున్నాడు. జబ్బు చేసి పోయిందంటే చాలు. వాడికి తెలియకుండా ఆ మంచంతా తవ్వి పారేస్తే సరి. ఇంటి దగ్గర పార తీసుకుని గ్యారేజీల సందు మలుపు తిరిగాడు.

ఝోరా గుమ్మం ముందు వంగి, డబ్బాలోంచి ఆకుపచ్చ ద్రవం పోస్తున్నాడు.

“వచ్చావా? మళ్లీ గడ్డ కట్టిందిరా,” తల ఎత్తకుండానే అన్నాడు. “మన తాగుబోతు పిల్లకి రాచబాట వేస్తున్నా. ఏదీ, కోటులో ఉందా?”

పక్క సందులోంచి గ్యారేజీల కాపలాదారు పెంచే కుక్క వాసన పట్టుకుంటూ ఇటే వస్తోంది. అర్కాది పార విసిరి దాన్ని తరిమాడు. ఝోరా చేతిలోంచి డబ్బా లాక్కున్నాడు.

“ఏమైందిరా నీకు?”

“బుల్కా లేదు.”

“లేదంటే?”

అర్కాది డబ్బా ఎత్తి చూపించాడు. ఇంక దాయడానికి ఏ మాటా మిగల్లేదు. “ఆ రోజు అది తాగింది బీరు కాదురా.”

ఝోరా డబ్బా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. ముఖంలో రంగు మెల్లిగా దిగిపోయింది.

“ఉప్పు వెయ్యకూడదనే కదరా నేను…”

“తెలుసురా.”

“నీ కుక్క కాళ్లు మండుతాయనే…”

“తెలుసు.”

ఝోరా మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేతితొడుగు లాగేసి, వేలితో ఆ తడిని తాకి, అర్కాది ఆపేలోపే నోట్లో పెట్టుకున్నాడు.

“తియ్యగా ఉందిరా,” అన్నాడు చిన్నపిల్లాడిలా. “ఇంత తియ్యగా ఉంటే పాపం అదేం చేస్తుందిరా…”

“ఉమ్మెయ్‌రా వెధవా! ఉమ్మెయ్!” అర్కాది అతని కాలరు పట్టుకుని పక్క సందులోకి ఈడ్చుకెళ్లి, శుభ్రమైన మంచు గుప్పిళ్లతో తీసి అతని నోట్లో కుక్కాడు, పెదవులు రుద్దాడు, మళ్లీ కుక్కాడు. ఝోరా ఎదురు చెప్పకుండా నోరు తెరిచి ఏడుస్తూనే ఉన్నాడు.