మూత తియ్యొద్దు

లీమి కన్ను పోయిన రోజు సోడా ఫ్యాక్టరీలో మెషీను ఆగలేదు. నింపుతున్న సీసా ఒకటి ఫట్‌మని పగిలి, గాజుముక్క ఆమె ఎడమ కంట్లో దిగింది. పక్కనే లైటు ముందు సీసాల్లో నలుసులు వెతికే మింజా పరుగున వెళ్ళి పట్టుకుంది. సూపర్‌వైజరు మాత్రం రక్తం పడ్డ సీసాలు తీసేయించి, మిగతావి పోనిమ్మన్నాడు. ఈస్టరు పెళ్ళిళ్ళకి మ్వాంజా ఊరంతా సోడాలు కావాలి మరి, కన్నుదేముంది.

మూడోనాడు గేటు మీద కాగితం అంటించారు. సీసా దానంతటది పగలదట, చెయ్యి జారితేనే పగులుతుందట, తప్పు లీమిదేనట. మింజాకి ఒళ్ళు మండిపోయింది. ఆ సీసాని లీమి ముట్టుకోనేలేదు. తను కళ్ళారా చూసింది.

మధ్యాహ్నం ఖాళీ క్రేట్ల వెనక అందరూ చేరారు. మెషీను బద్దలు కొడదామని దోతో అనే కుర్రాడు ఎగిరిపడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మెషీను బాగుచేస్తున్న లుహెండే ముసలాయన వాణ్ణి కూర్చోబెట్టాడు.

"గ్యాసుకి నీళ్ళలో ఉండాలని సరదా అనుకున్నావురా? చల్లబెట్టి, బలవంతాన తోసి, మూత కొడతాం. ఆ మూత ఉన్నంతసేపే దాని బలం. ఇప్పుడు పొంగావనుకో, గుక్కెడు నురగ, ఆనక చప్పనీళ్ళు."

"అయితే మూసుక్కూచోమంటావా తాతా?"

"బిగుసుక్కూచోమంటున్నా."

మెషీను చుట్టూ ఇనప జాలీ కావాలని, అందరికీ మొహం తొడుగులు కావాలని, ఆ కాగితం చింపాలని తీర్మానించారు. మేనేజరు సోడాలు పట్టుకొస్తాడు చూడండని మింజా ముందే చెప్పింది. ఆ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా సీసా మూతతోనే తెచ్చి, మనిషి ఎదుట పెట్టి, "తియ్యనా?" అని అడుగుతారు. అన్యాయం చేసినవాడి సోడా తాగితే తగువు తీరిపోయినట్టే. ఆపైన ఊరి పెద్దలు కూడా ఆ గొడవ వినిపించుకోరు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం క్రేట్లు రానే వచ్చాయి. కట్టు కట్టుకున్న లీమిని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మనమంతా ఒకే కుటుంబమన్నాడు మేనేజరు. మనిషికో సీసా చేతికిచ్చి, చూసిన సాక్షి గనక, ఓపెనర్ పట్టుకుని నేరుగా మింజా దగ్గరికే వచ్చాడు.

"తియ్యనా చెల్లెమ్మా?"

పొద్దుటినుంచి వేడి లైటు ముందు కూర్చుని మింజా గొంతు పిడచకట్టుకుపోయింది. చల్లటి సీసా చేతిలో చెమర్చింది. ఆ క్షణాన తాగేద్దామనే అనిపించింది, అబద్ధమెందుకు.

"వద్దు," అని సీసా కాళ్ళ దగ్గర పెట్టేసింది.

లుహెండే పెట్టాడు. దోతో గుటక మింగి పెట్టాడు. మూడు వందల సీసాలు ఎండలో నేలమీద వరసగా నిలబడ్డాయి. దాహమేస్తే వాళ్ళే తాగుతారని మేనేజరు నీడలో కుర్చీ వేయించుకున్నాడు. గంట గడిచింది, ఎవరూ కదల్లేదు. విసుగెత్తి లేచి, మళ్ళీ నీతులు చెబుతూ సీసాల మధ్య నడిచాడు.

ఎండకి కాగిన సీసా ఒకటి, ఎవరి చెయ్యీ తగలకుండానే ఫట్‌మంది. మేనేజరు రెండు చేతుల్తో కళ్ళు కప్పుకున్నాడు. మనిషికి గీత కూడా పడలేదు.

"ఇప్పుడెవరి చెయ్యి జారింది దొరా?" అని లీమి నెమ్మదిగా అడిగింది.

సాయంత్రం పోలీసులొచ్చి, సీసా విసిరి మేనేజరుని చంపబోయిందని రాసుకుని మింజాని పట్టుకెళ్ళారు. ఇన్‌స్పెక్టరు ఆమె ముందు చల్లటి సోడా పెట్టాడు. పక్కనే కాగితం. చెయ్యి జారింది లీమికేనని వేలిముద్ర వేస్తే ఇంటికి పోవచ్చట.

"మధ్యాహ్నమంతా ఎండలో ఉన్నావు. తియ్యనా?"

కిటికీ అవతల మూడు వందలమంది నేలమీద కూర్చుని ఉన్నారు. ఎవరూ కేకలెయ్యడం లేదు. పిల్లలు గుర్తొచ్చి మింజాకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"తియ్యొద్దు."

కిటికీ దగ్గరున్న దోతో విన్నాడు. "తియ్యొద్దంది," అని వెనక్కి చెప్పాడు. తియ్యొద్దంట, తియ్యొద్దంట అంటూ ఆ మాట వరస వెంట వరస దాటి రోడ్డుదాకా పోయింది. అక్కడ బడ్డీలో ఎవరికో సోడా మూత తీయబోతున్న ఆడమనిషి ఆ మాట విని, ఓపెనర్ కింద పెట్టింది.