కర్పూరం చెట్టు గద్దె

ఎనిమిది సెంటీమీటర్లు. మా కర్పూరం చెట్టు బతకడానికి తక్కువపడింది అంతే.

తైవాన్‌లో తైపే నుంచి రెండు గంటల ప్రయాణం మా షీకెంగ్. ఊరి మలుపులో ఉన్న ఆ చెట్టుని అందరూ తాతయ్య అంటారు, ఎర్రగుడ్డ కట్టి కమలాపళ్లు పెడతారు. శుక్రవారం రోడ్డు వెడల్పు చేసే యంత్రాలు వస్తున్నాయి. రక్షిత వృక్షాల జాబితాలో చేరిస్తే దాన్నెవరూ ముట్టుకోలేరు. దానికి నేల నుంచి ఛాతీ ఎత్తులో చుట్టుకొలత రెండున్నర మీటర్లుండాలి. కొలతల ఉద్యోగి షియే గారు టేపు చుట్టి రెండు మీటర్ల నలభై రెండు అని రాసేశారు.

ఆయన నిలబడి కొలిచింది గద్దె మీద. నలభై ఏళ్ల కిందట తాతయ్య ఎత్తున కూర్చోవాలని ఊరివాళ్లు మొదలు చుట్టూ నడుమెత్తున కాంక్రీటు పోశారు. అసలు నేల దాని కింద ఉందండీ అని ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు.

"మట్టి చూపించమ్మా, మట్టి నుంచే కొలుస్తా. గురువారం పొద్దున వస్తా."

గద్దె పగలగొడదామంటే చెట్టుకి రోజూ దీపం పెట్టే లాయ్ అవ్వ ఒప్పుకోవాలి. ఆ కాంక్రీటు కలిపింది వాళ్లాయనే. తాతయ్యనే అడుగుదామని నెలవంక ఆకారపు చెక్కలు రెండు తీసింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. వరసగా మూడుసార్లు పడాలి. నీ గద్దె తీసెయ్యమంటావా అని వేసింది. రెండూ బోర్లా, అంటే వద్దని. మళ్లీ వేస్తే రెండూ వెల్లకిలా.

"నవ్వుతున్నాడే. మీ టేపు గొడవ చూసి," అంది అవ్వ.

నాకు ఒళ్లు మండిపోయింది. బుధవారం సాయంత్రం దాకా అదే మాట, అదే నవ్వు.

"కుర్చీ లాగేస్తామంటే ఎవరొప్పుకుంటారు అవ్వా? కాళ్లు నొప్పెడుతున్నాయా అని అడుగు."

అవ్వ నన్ను మింగేసేలా చూసింది. అయినా అలాగే అడిగింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మూడుసార్లూ అంతే.

గద్దె అంచున వాళ్లాయన మేకుతో గీసిన పేరుంది. దాన్ని అవ్వ అరచేత్తో తుడిచి, మొదటి సుత్తి దెబ్బ తనే వేసింది. కింద మొదలు తడితడిగా, నల్లగా నానిపోయి ఉంది. గుప్పున కర్పూరం వాసన. ఇన్నేళ్లూ మేం పూజ చేస్తున్నామనుకున్నాం.

గురువారం షియే గారు మట్టి మీద నిలబడి కొలిచారు. రెండు మీటర్ల డెబ్బై ఒకటి. జాబితాలోకి ఎక్కింది. ఎగిరి గంతేద్దామనుకునేలోపు ఆయన ఇంకో కాగితం తీశారు. జాబితాలో చేరిన చెట్టుకి ఫలకం, కంచె, చుట్టూ గద్దె ఉండాలట, నిబంధనట.

"ఖర్చు మాదే. గట్టి కాంక్రీటు," అన్నారు గర్వంగా.

పగలగొట్టిన పెళ్లలింకా అక్కడే కుప్పగా ఉన్నాయి. లాయ్ అవ్వ చెక్కలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీరే అడగండి బాబూ. మూడుసార్లు పడాలి మరి."