నురగ లేని చోటు

నా పేరు జలాలుద్దీన్. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్నాను. గొప్ప చెప్పుకోవడం లేదు, సరే, కొంచెం గొప్పే అనుకోండి. ఏరు నిండుగా పారే రోజుల్లో దాటొచ్చా వద్దా అని అడగడానికి మనుషులు మా గడప ముందుకొచ్చి నిలబడేవాళ్లు. నేను ఒకసారి చూసి వద్దంటే పెళ్లివాళ్లు కూడా తిరిగిపోయేవాళ్లు. ఇన్నేళ్లు మాట చెల్లిన మనిషికి ఇంకొకడు ఏదన్నా నేర్పాలంటే కష్టమే.

నా కూతురు తహసీన్‌కు ఇరవై రెండేళ్లు. ఆటల టీచర్ కావాలని చదువుతోంది. నాలుగో ఏట దాని వీపుకు ఎండు సొరకాయలు కట్టి, ఈత నేర్పడానికి నేనే కృష్ణలో దింపాను. ఇంట్లో మేం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం గానీ, నీళ్ల దగ్గర తెలుగే. పడవెక్కే వాళ్లందరిదీ అదే భాష కాబట్టి దానికీ అట్లాగే అలవాటైంది. అలల మీద పలక వేసుకుని దాని మీద నిలబడి జారే ఆటను ఫోన్లో చూసి, నేర్చుకుంటానని ఏడాది పాటు నా ప్రాణం తోడేసింది. నా భార్య సల్మా మొదట ససేమిరా అంది. కానీ సముద్రంలో పొద్దు మునగడం ఒక్కసారి చూడాలని ఆమెకూ లోపల ఉంది. చివరికి పరీక్షలయ్యాక ముగ్గురం రాయచూరు మీదుగా బస్సులు మారుకుంటూ బయల్దేరి, ఉడుపి దాటాక ఒక చిన్న ఊళ్లో దిగాం.

మొదటి చూపులోనే నాకు ఆ నీళ్లు నచ్చలేదు. ఏరు ఎటో ఒక వైపు పోతుంది, దాని దారి దానికుంటుంది. ఇది మన మీదికి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, ఏం కావాలో చెప్పదు. సల్మా మాత్రం చెప్పులు చేత పట్టుకుని ఎర్రటి పొద్దును చూస్తూ కదలకుండా నిలబడిపోయింది. ఇంత అందంగా ఉంటే భయమేస్తోంది అంది. నేను నవ్వాను.

నేర్పేవాడు నవీన్, కన్నడ పిల్లవాడు. పాతికేళ్లు కూడా ఉండవు. ఇసుక మీద పలక పెట్టి పడుకోబెట్టడం, ఎగిరి నిలబెట్టడం, అదంతా బాగానే ఉంది. ఒడ్డున రెండు జెండాలు పాతి, వాటి మధ్యలోనే దిగాలన్నాడు. పలక తోకకు ఉన్న తాడు తీసి తహసీన్ కాలికి కట్టాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది. మా దగ్గర నీళ్ల మీదికి పోయేవాడెవడూ కాలికి తాడు చుట్టనివ్వడు. వల తాడు కాలికి చుట్టుకుని పోయిన ఇద్దరిని నేను నా చేతులతో బయటికి తీశాను. ఆ మాటే చెప్పాను. వాడు నవ్వి, బిచ్చబేడి, విప్పొద్దండీ అన్నాడు. గద్వాల సంతలో తిరిగిన నాకు ఆ మాత్రం కన్నడం అర్థమవుతుంది. మనసులో వాడిని నాలుగు తిట్టాను.

మూడో రోజు పొద్దున తహసీన్ మొదటిసారి అల మీద నిలబడింది. సల్మా అప్పుడు గదిలో ఉండి చూడలేకపోయింది. అందుకని సాయంత్రం, పొద్దు మునిగే వేళకు, అమ్మ చూసేలా ఇంకొక్కసారి చేస్తానని పలక తీసుకుంది. నవీన్ జెండాల మధ్య వేరేవాళ్లకు నేర్పిస్తున్నాడు. అక్కడ అంతా నురగ, అలలు ఒకదాని మీద ఒకటి విరుగుతున్నాయి. నేను కళ్లు చికిలించి చూశాను. కొంచెం దూరంలో, ఎడమ పక్కన, నున్నటి చోటు ఒకటి కనిపించింది. అల లేదు, నురగ లేదు. నీళ్లు కొంచెం మట్టి రంగులో, నిమ్మళంగా ఉన్నాయి.

మా ఏట్లో నురగ ఉందంటే కింద బండ ఉన్నట్టే. నున్నగా ఉందంటే లోతున్నట్టు, పడవ హాయిగా పోతుందన్నట్టు. మా ఒడ్డు మీద పుట్టిన ఎవడినడిగినా చెప్తాడు.

"నురుగు కాడ ఏముంది బిడ్డా, దెబ్బలు తప్ప. గా నున్నగున్న కాడికెల్లి పో," అన్నాను.

"జెండాల నడుమనే ఉండుమన్నడు కద పప్పా నవీనన్న."

"వానికి సముద్రం తెలుసు. నాకు నీళ్లు తెలుసు. ఆ తాడు గూడ ఇప్పెయ్."

అది ఒకసారి నవీన్ వైపు చూసింది. తర్వాత వంగి తాడు విప్పేసింది. నా మాట కాబట్టి విప్పింది.

చేతులతో రెండు తోపులు తోసిందో లేదో పలక తనంతట తానే సాగిపోయింది. చూడు ఎట్లా పోతోందో అని సల్మాకు చూపించాను. నా ఛాతీ నిండిపోయింది. కాసేపటికి తహసీన్ చేతులు ఆపేసింది. అయినా పోతూనే ఉంది. అది పలక తిప్పబోయింది. పక్క నుంచి వచ్చిన అల పలకను తలకిందులు చేసింది. తాడు లేని పలక అలతో పాటు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నీళ్ల మీద తహసీన్ తల ఒక్కటే మిగిలింది.

నేను చెయ్యెత్తి నా వైపుకు దింపాను. నేరుగా నా దగ్గరికి రా అని అర్థం. నాలుగో ఏట నుంచీ అది ఆ చెయ్యి చూసే ఒడ్డుకు వచ్చింది. ఇప్పుడూ చూసింది, బలంగా ఈదుతూ నా వైపే వచ్చింది. పది బారలు వేసి తలెత్తితే ముందుకంటే దూరంగా ఉంది. మళ్లీ పిలిచాను. మళ్లీ ఈదింది. ఇంకా దూరం పోయింది.

నేను నడుము లోతు దాకా పరిగెత్తాను. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. ఏరు ఒడ్డు వెంట పారుతుంది. ఈ నీళ్లు నన్ను ఒడ్డు నుంచి లోపలికి లాగుతున్నాయి. నా బిడ్డను ఎక్కడికి పంపానో అప్పుడు తెలిసింది. నేను దిగితే అది నా కోసం వస్తుంది, ఇద్దరం పోతాం. నాకు భయం కూడా వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎట్లాగో కాళ్లు తన్నుకుని ఒడ్డున పడ్డాను.

నవీన్ చూశాడు. పలక మీద పడుకుని అలలకు అడ్డంగా వస్తున్నాడు, కానీ మధ్యలో చాలా దూరం ఉంది. లేచి కూర్చుని రెండు చేతులూ పక్కకు ఊపుతున్నాడు. పక్కకు, జెండాల వైపు, నేను వద్దన్న ఆ నురగలోకే, అలలు ఒడ్డుకు తోసే చోటికే రమ్మంటున్నాడు. తహసీన్ వాడిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

నేను చెయ్యి దించేశాను. అయినా దాని మొహం నా మీదే ఉంది. మళ్లీ నా వైపే ఈదడం మొదలుపెట్టింది. ఈసారి బారలు చిన్నవైపోయాయి. నేను అక్కడ కనబడుతున్నంత సేపూ అది నా దగ్గరికే వస్తుంది. వాడు చేరేలోపు దానిలో సత్తువ ఉండదు.

నేను వెనక్కి తిరిగాను.

నా ముందు కొబ్బరి చెట్లు, మూసేసిన టీ కొట్టు. ఇసుక మీద నా నీడ పొడుగ్గా పడి ఉంది. సల్మా పిడికిళ్లతో నా వీపు మీద గుద్దింది. "బిడ్డ మునుగుతుంటె మొకం తిప్పుకుంటవా, నువ్వసలు మనిషివేనా?" అంది. తిరిగి చూడాలని మెడ పీకుతోంది. అల్లా పేరు కూడా గుర్తుకు రాలేదు. నా నీడ పలచబడి ఇసుకలో కలిసిపోయింది. సల్మా గుద్దడం ఆపేసింది. గుద్దుతున్నప్పటి కంటే అది ఆగినప్పుడు నాకు ఎక్కువ భయమేసింది. అప్పుడు కూడా నేను తిరగలేదు.

తర్వాత ఆమె జెండాల వైపు పరిగెత్తిన చప్పుడు వినబడింది. అప్పుడు తిరిగాను. దూరంగా, నురగలో పడుతూ లేస్తూ, ఒకే పలక మీద ఇద్దరు వస్తున్నారు.

తహసీన్ ఉప్పునీళ్లు కక్కింది. సల్మా దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నవీన్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను దగ్గరికి పోవడానికి సిగ్గుపడి అంత దూరంలోనే కూర్చున్నాను. చాలాసేపటికి అదే నన్ను పిలిచింది.

"ఎందుకు పప్పా, అటు తిరిగినవ్?"

"నేను కనపడితె నా దిక్కే వస్తవని."

తహసీన్ దుప్పటి దగ్గరికి లాక్కుంది.

"అవు," అంది. "వస్తుంటి."