టేకు నేల మీద కనకం

గాజుపెంకు అంచుతో సింహాచలం మరో నేలచెక్కను గీకాడు. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మడ్డి చుట్టలు చుట్టలుగా లేచింది. అడుగున తేనెరంగు టేకు బయటపడింది. అక్కడ అరచెయ్యి రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. జుట్టు నెరిసినా ఆ వాసనకి అతనికి ఇంకా నవ్వొస్తుంది.

రైల్వే బంగళాల్లో చెక్కనేలలు బాగుచేసే వడ్రంగి అతను. పొట్టి మనిషి, మోకాళ్లు కాయలు కట్టిపోయాయి. తండ్రి బొబ్బిలి నుంచి బిలాస్‌పూర్‌కి రైలుపట్టాల గ్యాంగుపనికి వచ్చాడు. సింహాచలం ఆ ఊరి లాల్‌ఖదాన్ పేటలోనే పుట్టి, అక్కడే కాపురం పెట్టాడు. ఎందరు అధికారుల ఇళ్లలో పని చేసినా గోడలెలా ఉన్నాయో అడిగితే చెప్పలేడు. అతను చూసిందల్లా నేలనే.

ఎనభై ఎనిమిది చలికాలంలో ఈ బంగళాకి వచ్చిన రైల్వే డాక్టరు ఉషారాణికి నేల నచ్చలేదు. నల్లగా ఉంది, అడుగేస్తే కిర్రుమంటోంది. పీకించి నాపరాళ్లు పరిపించాలనుకుంది.

"ఒక్క గది సూడండమ్మా. సాయంత్రానికి నచ్చకపోతే పీకించెయ్యండి," అని సింహాచలం బతిమాలుకున్నాడు. రాళ్ల మేస్త్రీ మర్నాడే వస్తాడు.

మధ్యాహ్నానికి ఉప్పుకాగితం పట్టి, తేనెమైనం పూశాడు. ఇక మెరుగు పెట్టాలి. కంబళి చుట్టిన గోనె మీద మనిషిని కూర్చోబెట్టి లాగితే గానీ మెరుపు రాదు. సాయానికొచ్చి కూర్చోవలసిన రైల్వే ఖలాసీకి జ్వరం. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగా భార్య కనకం అన్నం క్యారియరుతో వచ్చింది. భారీ మనిషి.

"కనకం, దీని మీద కూకో."

"ఏటి, నాను కూకోవాలా? ఎవులైనా సూత్తే?"

"అచ్ఛా, సూడనీ. ఇన్నాళ్లకి నీ బరువుతో పనిపడింది."

కనకం మూతి తిప్పుకుంది. అయినా కుచ్చెళ్లు దోపుకుని కూర్చుంది. అతను తాడు పట్టి లాగాడు. మొదట కళ్లు మూసుకుంది. కిటికీ దగ్గర మలుపు తిరిగేసరికి తెరిచింది.

"పెళ్లినాడు టేసను కాడ్నించి నడిపించే తెచ్చావు. ఇన్నాళ్లకి బండెక్కించావు. జోరుగా లాగు మావా," అంది.

ఇద్దరూ పడీ పడీ నవ్వుతూ, ఉషారాణి వచ్చి గుమ్మంలో నిలబడటం గమనించలేదు. చూశాక కనకం లేవబోయింది. గోనె జారి మళ్లీ కూలబడింది.

ఉషారాణి నేలకేసి చూసింది. సాయంకాలపు ఎండ కిటికీతో సహా అందులో కనిపిస్తోంది. చెప్పులు వదిలి, గది చుట్టూ ఒక్కసారి నడిచింది. నేల కిర్రుమంది.

"మేస్త్రీని రావద్దంటాను. మిగతా గదులు కూడా చెయ్యి," అంది. గోనె వంక చూసి, "నన్నూ ఒకసారి లాగుతావా?" అని అడిగింది.

"మీరు తేలికమ్మా, మెరుపు రాదు," అన్నాడు సింహాచలం, ముఖంలో నవ్వు లేకుండా. అయినా లాగాడు. కనకం వెనకనుంచి తోసింది.

గదులన్నీ పూర్తయ్యేసరికి చలి విరిగింది. ఆఖరి సాయంత్రం ఆలుమగలిద్దరూ ఏదో మాటకి వాదించుకుంటూ, నవ్వుకుంటూ, కాళ్లకేం ఉందో చూసుకోకుండా ఇంటిదారి పట్టారు. ఆ రాత్రి నిద్రలోనే సింహాచలం కన్నుమూశాడు.

బంగళా వరండా మెట్ల పక్కన, మడమల దగ్గర అరిగిన అతని టైరు చెప్పులు అలాగే ఉన్నాయి, వేలిపట్టీలో కాస్త చెక్కపొట్టుతో.