కాస్త జరగండి, అందరం పడతాం

రోజూ పొద్దున్నే ఆమె రైల్వే స్టేషను ఎదుటి గోడ కింద రాలిన అక్షరాలు ఊడుస్తుంది. ఆకులు ఒక పక్కకి, టీ కప్పులు ఒక పక్కకి, అక్షరాలు చెత్తబండి అడుక్కి. ఆ ఊళ్ళో గోడల మీదా తలుపుల మీదా అబద్ధం నిలవదు. రాసిన రంగు తెల్లారేసరికి పెచ్చులుగా ఊడి కాలిబాట మీద పడుతుంది. అదొక వింతని ఎవరూ అనుకోరు. ఊడ్చేవాళ్ళకి నడుములు పడిపోతున్నాయని కూడా ఎవరూ అనుకోరు. ఆమెని అందరూ అక్షరాలక్క అంటారు.

మునిసిపల్ కమిషనరుకి మాత్రం ఒళ్ళుమంట. వచ్చిన ఏడాదిలో తొమ్మిది నినాదాలు రాయించాడు. 'పచ్చని నగరం' ఒక్కపూట ఆగింది. 'చిరునవ్వుల నగరం' తడి ఆరకముందే రాలింది. పక్కనే టీకొట్టు గోడ మీద ఎవరో బొగ్గుతో రాసిన మాట మాత్రం ఏళ్ళ తరబడి చెక్కుచెదరలేదు: 'కాస్త జరగండి, అందరం పడతాం.' బస్సులో, ఆస్పత్రి బెంచీ మీద, ఎక్కడైనా ఆ ఊరివాళ్ళు అనే మాట అది. ఆమె కాపురానికొచ్చిన రోజు, ఉన్న ఒక్క గదిలో తన మంచాన్ని గోడకి జరుపుతూ అత్త అన్న మొదటి మాట కూడా అదే.

పెట్టుబడులు పెట్టే అతిథులు వస్తున్నారనగా కమిషనరు ఆ మాటనే ఎర్రరంగుతో నిలువెత్తున స్టేషను ఎదుటి గోడ మీద రాయించాడు. నిలిచింది. అదే వారం ఆమె వీధిలో ప్రతి తలుపుకీ నోటీసు అంటించారు. అతిథులు కట్టే హోటలుకి ఆ చోటు కావాలట, శుక్రవారం పది గంటలకి కూల్చేస్తారట. ఆ నోటీసు కూడా రాలలేదు.

ఆమె ఆఫీసుకెళ్ళి, మంచం దిగలేని అత్తని ఎక్కడికి తీసుకెళ్ళమంటారని అడిగింది. కమిషనరు నవ్వాడు.

"మీ ఊరి మాటే కదమ్మా. కాస్త జరగండి."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట పక్కవాణ్ణి కూర్చోబెట్టడానికి పుట్టింది. ఉన్నవాణ్ణి లేపడానికి దాన్ని వాడిన మొదటి మనిషి ఈయనే.

శుక్రవారం అతిథుల కోసం గోడ కింద శుభ్రంగా ఉంచమని ఊడ్చేవాళ్ళ మేస్త్రీ ఆమెని అక్కడే నిలబెట్టాడు. అత్త దగ్గర పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చింది. పదింటికి అతిథులు దండలతో గోడ ముందు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఆమె వీధి వైపు నుంచి బుల్డోజరు చప్పుడు వినిపించింది. 'అందరం' అన్న మాట మొత్తం ఊడి వాళ్ళ బూట్ల ముందు పడింది.

కమిషనరు ఆమె వైపు ఉరిమి చూశాడు. "చూస్తావేం, ఊడ్చు."

ఆమె చీపురు ఒళ్ళో పెట్టుకుని ఆ అక్షరాల పక్కనే చతికిలబడింది.

"ఊడవను. అక్కడ మా ఇళ్ళు కూలుతుంటే ఇక్కడ ఇవి రాలుతున్నాయి. ముందు దాన్ని ఆపించండి."

'పడతాం' ఒక కొసన వేలాడుతోంది. అదేమిటని అతిథులు అడుగుతున్నారు. కమిషనరు చెమటలు కక్కుతూ ఫోను తీశాడు. చప్పుడు ఆగింది. వేలాడే మాట అలాగే నిలిచిపోయింది.

మధ్యాహ్నం ఆమె ఇంటికెళ్ళేసరికి వీధి మొదట్లో రెండు అరుగులు పిండైపోయి ఉన్నాయి. వాటిని చూసి ఆమెకి మళ్ళీ ఒళ్ళు మండింది. తన గుమ్మం ముందు నోటీసు అక్షరాలు కుప్పగా పడున్నాయి. వాటిని ఊడ్చి కాలవలో పారబోసి లోపలికెళ్ళింది.

అత్త మంచం మీద కాస్త జరిగింది.